బొట్టుకు ముందు అప్‌డేట్

ఆయుధపూజకు ముందురోజు సాయంత్రం మా ట్రావెల్స్ ఆఫీసులో కంప్యూటర్ తుడుస్తున్నాను. తుడవడమంటే పాత బనీను తడిపి పిండుకుని, కీబోర్డు సందుల్లో ఏడాదిగా పోగుపడిన మురుకుల పొడి దులపడమని చాలాకాలం నేనూ అనుకునేవాణ్ణి. అదయ్యాక బ్రౌజర్ తెరిచి, అందులో తగిలించుకున్న ప్లగిన్ల పట్టీ చూశాను. ఒకటి ప్రకటనలు ఆపేది, ఒకటి తెలుగులో టైపు చేయించేది. మూడోదెవరో నాకు గుర్తే లేదు. పేజీలను ఫొటో తీసే ప్లగిన్ అట. ఎప్పుడు పెట్టానో, ఏ పనికి పెట్టానో తెలియదు. దీన్ని చేసినవాళ్ళు పట్టించుకోవడం మానేశారు, తీసేయడం మంచిదని బ్రౌజరే పక్కన ఒక హెచ్చరిక పెట్టింది.

"ఇదెవరప్పా?" అని వెనకనుంచి ఎవరో అడిగినట్టయింది.

వెనక్కి తిరగలేదు. తిరిగితే అక్కడ ఎవరూ ఉండరని తెలుసు. డీటీపీ అక్క పోయి ఏడాది కావస్తోంది. కానీ ఆ ప్రశ్న మాత్రం మా సందులో ప్రతి కంప్యూటర్ వెనకా అద్దెలేకుండా కాపురం ఉంటోంది.

బస్టాండు వెనక సందులో మా ఆఫీసుకు కుడిపక్కన ఉండేది ఆమె షాపు. పెండ్లి పత్రికలు, విజిటింగ్ కార్డులు, గృహప్రవేశం పిలుపులు, ఏవైనా సరే చక్కగా కూర్చి ఇచ్చేది. రోజూ పొద్దున వడమాలపేట నుంచి పుత్తూరు బస్సులో వచ్చేది, సాయంత్రం అదే బస్సులో పోయేది. చేతిసంచిలో సంగటిముద్ద, చెనిక్కాయల పచ్చడి ఉన్న క్యారియరు. కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే. దూరానివి చూడటానికి అవి అడ్డమట, దగ్గరివి చూడటానికి అవసరం లేదట. మరి ఎందుకు పెట్టుకున్నట్టు అని అడిగితే, డాక్టరు రాసిచ్చినాడు కదా, ఆయన మనసు కష్టపెట్టేది ఎందుకు అనేది.

ఆమె చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉండేది. కార్డులు కత్తిరించడానికి కొన్నది. దాంతో వీపు గోక్కునేది, షట్టరు కింద ఇరుక్కున్న కాగితం లాగేది, బేరమాడేవాళ్ళ ముందు బల్లమీద టకటకలాడించేది. వేరేవాళ్ళ షాపులోకి వస్తే కుర్చీలో కూర్చునేది కాదు. పరాయి కుర్చీలో కూర్చుంటే వాళ్ళ నడుంనొప్పి మనకొస్తుందని ఆమె నమ్మకం. నిలబడే, ముందుకు వంగి, స్కేలు కొనతో స్క్రీన్ మీద చూపించేది. మా స్క్రీన్ మీద ఎడమవైపు ఉన్న గీతలన్నీ ఆ స్కేలువే.

కంప్యూటర్ గురించి ఆమెకు అన్నీ తెలుసని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఫోన్ రింగు ఆపడం ఆమెకు ఎప్పటికీ చేతకాలేదు. శ్రీకాళహస్తి గుళ్ళో క్యూలో ఉండగా మోగితే, ఫోన్‌ను కొంగులో చుట్టి, దానిమీద క్యారియరు పెట్టి నిలుచున్న మనిషి. బ్రౌజర్‌లో ఎక్కువ పేజీలు తెరిస్తే పైనున్న ఫ్యాను నిదానిస్తుందని గట్టిగా చెప్పేది. కరెంటు పోయి వచ్చినా వైరస్సే, ప్రింటరు కాగితం నమిలినా వైరస్సే. బస్సు టికెట్టు తనంతట తాను బుక్ చేసుకోలేక నా దగ్గరికి వచ్చి, ఆ బటన్లు నాకు తెలీవప్పా అనేది. నేను ఏడిపిస్తే, నాకు తెలీనివి నేను నొక్కను, అదే నా చదువు అనేది.

ఆమె చదువంతా నిజంగా అంతే. ఎవరో తెలియనివాణ్ణి ఇంట్లో పెట్టుకోకూడదు. వడమాలపేటలో ఆమె మేడమీద రెండు గదులు అద్దెకిచ్చేది. వచ్చినవాణ్ణి మెట్లమీదే నిలబెట్టి విచారించేది. ఎవరు నువ్వు, ఎవరు పంపినారు, ఏం పని చేస్తావు, ఇంట్లో ఏమేం వాడుకుంటావు. ఒకసారి ఒకాయనకు గది ఇస్తే, ఆయన చెప్పాపెట్టకుండా పోయి, ఆ తాళంచెవితో ఇంకెవరో వచ్చి నెలలపాటు ఉన్నారట. గడ్డం ఒకటే రకం కాబట్టి ఈమె పోల్చుకోలేదట. అప్పటినుంచి ఆమెకు గడ్డాల మీద నమ్మకం పోయింది, తాళాల మీద పట్టింపు పెరిగింది.

ప్లగిన్లను కూడా ఆమె మెట్లమీదే నిలబెట్టేది. మా ఆఫీసులో ఒకప్పుడు బస్సు టికెట్ల రంగులు మార్చి చూపించే ప్లగిన్ ఒకటి ఉండేది. ముచ్చటపడి పెట్టుకున్నాను. అది మనం తెరిచే ప్రతి పేజీనీ చదవడానికి, మార్చడానికి అనుమతి తీసుకుందని ఆమే చదివి చెప్పింది.

"గోడకు మేకు కొట్టేదానికి వచ్చినోడికి బీరువా తాళం యాలప్పా?" అంది.

దాన్ని తీసేశాం. తీసేసిన వెంటనే ఒక పేజీ దానంతటదే తెరుచుకుంది. మమ్మల్ని ఎందుకు వదిలేస్తున్నారు, దయచేసి కారణం చెప్పండి అని ఇంగ్లీషులో అడిగింది. అందరూ ఆ పేజీ మూసేస్తారు. ఆమె మూయలేదు. ఒంగి, తెలుగులో టైపు చేసింది. నీకు ఈడ పని లేదు నాయనా, పోయిరా. పంపే బటను నొక్కి, అప్పుడు నిటారుగా నిలబడింది. అది చదివేవాళ్ళు ఏ దేశంలో ఉంటారో, తెలుగు వస్తుందో రాదో అన్నాను. రాకపోతే ఎవరినైనా అడిగి తెలుసుకుంటారు, పంపేవాళ్ళను మర్యాదగా పంపాల కదా అంది. ఆ తర్వాత ఆమె తీసేసిన ప్రతి ప్లగిన్‌కూ అదే వీడ్కోలు. పొమ్మనదు, పోయిరమ్మంటుంది. మళ్ళీ వస్తే మాత్రం రానివ్వదు.

ఇక ఉన్నవాటిని ఊరికే ఉండనిచ్చేది కాదు. అప్‌డేట్ వచ్చిందని చూపిస్తే అప్పటికప్పుడు చేయాల్సిందే. తర్వాత అనే బటను మీద చేయి పెడితే స్కేలుతో చేతిమీద ఒక్కటి పడేది. అప్‌డేట్ అంటే ఆమె లెక్కలో, ఇల్లు కట్టినవాడే మన తలుపు సందు చూసి, పరుగున వచ్చి కొత్త గడియ ఇచ్చిపోవడం. ఇచ్చిన గడియ బిగించుకోకుండా గడపలో పడేస్తే, తప్పు దొంగది ఎంతో మనదీ అంతే. పని అయ్యాక బ్రౌజర్‌ను ఆపి మళ్ళీ తెరిచేదాకా కదిలేది కాదు. ఆపి తెరవకపోతే కొత్త గడియ పొట్లంలోనే ఉంటుందనేది.

మా సందులో ఆయుధపూజ పెద్ద పండుగ. ముందురోజు సాయంత్రమే ఆటోలు కొళాయి దగ్గర బారులు తీరుతాయి. టైలరు కత్తెరలు సానపట్టిస్తాడు. జిరాక్సు షాపాయన మిషను విప్పి, మళ్ళీ బిగించుకోలేక మెకానిక్‌ను పిలుస్తాడు. మర్నాడు అన్నిటికీ విబూది, కుంకుమ, పూలు పెట్టి, సాంబ్రాణి వేసి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులు బెల్లం పంచుకుంటారు. పూజలో పెట్టిన పనిముట్టును మళ్ళీ విజయదశమి పొద్దున దాకా ఎవరూ ముట్టరు. ఆ రోజు పనిముట్టుకు సెలవు.

ఆ ముందురోజు సాయంత్రం డీటీపీ అక్క స్కేలు పట్టుకుని సందులో బయలుదేరేది. మురికి ఆయుధానికి బొట్టు పెట్టకూడదు, కంప్యూటర్ మురికి గుడ్డతో పోయేది కాదు అని ఆమె సిద్ధాంతం. టైలరు దగ్గర, జిరాక్సు దగ్గర, మా దగ్గర, అందరి బ్రౌజర్లూ తెరిపించి ఇదెవరు, ఇదెవరు అని హాజరు తీసుకునేది. తెలియనివాళ్ళను పంపేసి, ఉన్నవాళ్ళకు అప్‌డేట్లు చేయించి, అప్పుడు ఇంగ బొట్టు పెట్టుకోండి అని అనుమతి ఇచ్చేది. ఇదంతా ఊరికే. ప్రతిఫలంగా మర్నాడు అందరి దగ్గరా బొరుగులు వసూలు చేసుకుని, సంచి నింపుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయేది.

ఆమెను గడప దాటనివ్వని షాపు ఒక్కటే, మా ఎదురుగా ఉన్న మేళం ఆఫీసు. పెండ్లిళ్ళకు నాదస్వరం, డోలు కుదిర్చే ఆయన. ఆయన స్వయంగా పెద్ద విద్వాంసుడు. ఊదితే బస్సుల హారన్లు కూడా కాసేపు మర్యాదగా ఉంటాయి. ఆయన మీద ఆధారపడి బతికే కళాకారుల కుటుంబాలు చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఉన్నాయి. ఆయన అల్లుడు ఒక ల్యాప్‌టాప్ కొనిచ్చి, వాట్సాప్ పేజీ తెరిచిపెట్టి, దానికొక ప్లగిన్ తగిలించిపోయాడు. ఒకే మెసేజీని వందలమందికి ఒకేసారి పంపేది. ముహూర్తాలు మొదలయ్యే ముందు, మా మేళం సిద్ధం అని పెండ్లికూతుళ్ళ తండ్రులందరికీ ఒక్క నొక్కుడుతో పంపించి, ఆయన మీసం దువ్వుకునేవాడు.

ఆ ప్లగిన్ అప్‌డేట్ చేసుకోమని చాలాకాలంగా అడుగుతూ ఉందని, ఆయన తర్వాత, తర్వాత అని నొక్కుతూ ఉన్నాడని వీధిలోంచి చూసే అక్కకు తెలుసు. ఒక ఏడు ఆయుధపూజ ముందురోజు సాయంత్రం ఆయన గుమ్మం దాకా వెళ్ళి, ఒక్క నిమిషం చూసిపోతానన్నా అని అడిగింది.

"నడిచేదాన్ని యాల కెలకాల అమ్మణ్ణీ? నువ్వు కార్డులు కత్తిరించుకో, నా మేళం నేను సూసుకుంటా," అన్నాడాయన.

అక్కడ కూర్చున్న డోలు వాయించేవాళ్ళు నవ్వారు. అక్క ముఖం చిన్నబోయింది. నీ ఇష్టం అన్నా అని వెనక్కి వచ్చేసింది. ఆ సాయంత్రం నా కంప్యూటర్ చూస్తున్నప్పుడు ఒక్క జోకు కూడా వేయలేదు.

మర్నాడు పదకొండు గంటలకు నా ఫోన్‌కు ఒక మెసేజీ వచ్చింది. మేళం ఆయన నంబరు. పట్టుపంచె కట్టుకుని నాదస్వరం పట్టుకున్న ఆయన ఫొటో. కింద, ఇంట్లో కూర్చునే పేకాడండి, లక్షలు గెలవండి అని ఒక లింకు. పండుగపూట ఈయనకేం వచ్చిందని ఎదురుగా చూశాను. మేళం ఆఫీసులో జనం గుమిగూడి ఉన్నారు.

వెళ్ళి చూస్తే ఇదీ సంగతి. పొద్దున్నే పండుగ శుభాకాంక్షలు అందరికీ ఒకేసారి పంపి, ల్యాప్‌టాప్‌ను అలాగే తెరిచి, వెలుగుతుండగానే పూజలో పెట్టేశాడు. మూసిన ఆయుధానికి పూజేమిటని ఆయన పట్టుదల. వాళ్ళ నాయన నాదస్వరం, రెండు డోళ్ళు, తాళాలు, వాటి మధ్య మెడలో చామంతి దండతో ల్యాప్‌టాప్. స్క్రీన్ నడినెత్తిన కుంకుమ బొట్టు. ఆ బొట్టు కింద పేకాట మెసేజీలు వాటంతటవే ఒకదాని వెనక ఒకటి పోతూ ఉన్నాయి. పాత ప్లగిన్‌లో ఉన్న సందులోంచి ఎవడో దూరి, ఈయన పేరు చెప్పి ఈయన మనుషులందరినీ పలకరిస్తున్నాడు. పూజలో ఉన్నదాన్ని ముట్టకూడదు కాబట్టి అందరూ చేతులు కట్టుకుని చూస్తున్నారు.

ఆయన ఫోన్ ఆగకుండా మోగుతోంది. తిట్టేవాళ్ళు కొందరు. పుత్తూరు నుంచి ఒకాయన మాత్రం, ఇందులో నిజంగానే గెలుస్తారా అని ఆశగా అడిగాడు. ఇలాగే ఇంకాసేపు పోతే నంబరు మూసేస్తారని నేనన్నాను. ఆ నంబరే ఆయన బోర్డు, ఆయన ఆఫీసు, ఆయన పరపతి. కార్తీకం ముహూర్తాలు ముందున్నాయి. అది మూతపడితే ఆ సీజన్‌కు డోలు అటకెక్కాల్సిందే. నెట్ పెట్టె తీసేద్దామంటే దానికీ బొట్టు ఉంది. మెయిన్ స్విచ్చు ఆపేద్దామంటే దానికి బొట్టుతోపాటు పువ్వు కూడా ఉంది. పైగా ఆయన ల్యాప్‌టాప్ ముందు చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు.

నేను అక్కకు ఫోన్ చేశాను. బస్సెక్కి కూర్చున్నానప్పా, కిటికీ సీటు కూడా దొరికింది అంది. విషయం చెప్పాను. రాదేమో అనుకున్నాను. ముందురోజు నవ్వులు నేను మరిచిపోలేదు, ఆమె మాత్రం ఎలా మరిచిపోతుంది. కానీ మేం ఫోన్ పెట్టేసిన కాసేపటికే, బొరుగుల సంచి ఒక చేతిలో, స్కేలు ఒక చేతిలో, సందు మలుపులో కనిపించింది. కళ్ళద్దాలు నుదుటి మీది నుంచి కళ్ళమీదికి దిగి ఉన్నాయి. అలా నేను చూడటం అదే మొదలు.

లోపలికి వచ్చి, ముందు పూజకు దండం పెట్టుకుంది. తర్వాత స్క్రీన్ చూసింది.

"కదిలించకూడదు అమ్మణ్ణీ," అన్నాడాయన. "మా నాయన కాలం నుంచి పూజలో పెట్టింది తెల్లారేదాకా ఒక్కటీ కదల్లే."

"సరే అన్నా. మీ నాయన సీవాళి చీలిపోయుంటే అట్లే పూజలో పెడతా ఉండెనా?"

సీవాళి అంటే నాదస్వరం కొనకు తగిలించే చిన్న రెల్లు పీక. వాద్యం తరాలు నిలుస్తుంది కానీ అది నిలవదు. చీలితే స్వరం పాడవుతుంది. అందుకే నాలుగైదు కొత్తవి వాద్యానికే వేలాడుతూ ఉంటాయి.

"చీలింది యాల పెడతాం? కొత్తది తగిలించి పెడతాం," అన్నాడాయన.

"దీనికి చీలినదే పెట్టినావు. కొత్తది ఇస్తాం తీసుకోమని అది రోజూ అడిగింది. ఇది మురికి ఆయుధం అన్నా, దీనికి ఈడ చోటు లేదు. ఉద్వాసన చెప్పు."

ఉద్వాసన అనేసరికి ఆయన తల ఎత్తాడు. పూజ ముగించేటప్పుడు దేవుడికి అక్షింతలు వేసి, రవ్వంత పక్కకు జరిపి సాగనంపే పద్ధతి అది. పూజలో ఉన్నదాన్ని ముట్టకూడదు నిజమే, కానీ సాగనంపిన తర్వాత ముట్టుకోవచ్చు. అంతమందిలో ఆ ఉపాయం ఎవరికీ తట్టలేదు. నాదస్వరాన్ని, డోళ్ళను అలాగే ఉంచి, ల్యాప్‌టాప్ ఒక్కదానికే ఆయన అక్షింతలు వేశాడు. రెండు వేళ్ళ మేర పక్కకు జరిపాడు. దండ జారి డోలు మీద పడింది.

ఆ తర్వాత అంతా స్కేలు రాజ్యం. ల్యాప్‌టాప్‌లోనే నెట్ ఆపింది. ప్లగిన్ తీసేసింది. వీడ్కోలు పేజీ తెరుచుకోబోయి, నెట్ లేక తెల్లగా నిలిచిపోయింది. ఈమె ఊరుకోలేదు. నీకు ఈడ పని లేదు నాయనా, పోయిరా అని నోటితోనే చెప్పింది. ఆయన ఫోన్‌లోంచి వాట్సాప్‌కు ల్యాప్‌టాప్‌తో ఉన్న లంకె తెగ్గొట్టించింది. మళ్ళీ నెట్ పెట్టి, బ్రౌజర్ అప్‌డేట్ చేయించింది. అయిపోయిందా అని ఆయన అడిగితే, ఇంగా లే, ఆపి మళ్ళీ తెరవాల అంది. తెరిచాక చూస్తే, పేకాట మళ్ళీ మొదలవలేదు.

కానీ పోయిన మెసేజీలు పోయినవే. శ్రీకాళహస్తి నుంచి కలంకారీ వ్యాపారి ఒకాయన ఫోన్ చేశాడు. కూతురి పెండ్లికి మూడు మేళాలు కుదుర్చుకున్న మనిషి. ఆయన వద్దన్నాడంటే ఆ ఊళ్ళో ఇంకెవరూ పిలవరు. ఫోన్ స్పీకర్లో ఉంది కాబట్టి మాకందరికీ వినిపించింది. దేవుడి దగ్గర ఊదే నోటితో జూదానికి పిలుస్తావా, నీ మేళం మా ఇంటి గడప తొక్కకూడదు అన్నాడు. మేళం ఆయన, అంత పెద్ద మనిషి, గోడకు ఆనుకుని చతికిలబడ్డాడు.

అక్క ఫోన్ అందుకుంది. ఆ పెండ్లి పత్రిక అచ్చువేస్తున్నది ఆమే. తానెవరో చెప్పుకుంది.

"తప్పు ఆయనది కాదన్నా, నాది. పండుగకు ముందు ఈ సందులో కంప్యూటర్లన్నీ శుభ్రం చేసేది నేను. నిన్న సాయంత్రం ఈయనది చూడకుండా మరిచిపోయినా. దాంతో ఎవడో లోపలికి దూరినాడు. ఆయనకు పేకముక్కలు పట్టుకునేది కూడా రాదు. కోపం ఉంటే నా మీద ఉంచుకో, మేళం మీద వద్దు."

మరి పత్రికలు ఎప్పుడు ఇస్తావమ్మా అన్నాడు కలంకారీ ఆయన. అంటే పెండ్లి నిలిచింది, మేళమూ నిలిచింది.

ఆమె మరిచిపోలేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ముందురోజు నవ్వినవాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. మేళం ఆయన గోడ దగ్గరినుంచి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. సాంబ్రాణి పొగ అని కళ్ళు తుడుచుకున్నాను, ఎవరూ నమ్మలేదు.

ఏడుపులకు ఆమె సమయం ఇవ్వలేదు. చాప పరిపించి, కుర్చీ వద్దని దానిమీద కూర్చుని, మిగిలినవాళ్ళందరికీ ఫోన్ చేయమంది. ఒకేసారి అందరికీ క్షమాపణ మెసేజీ పంపుదామా అని ఆయన అడిగాడు. ఆమె స్కేలు ఎత్తింది. ఆయన తల దించుకున్నాడు. ఒక్కొక్కరికీ, పేరు పెట్టి, నోటితో చెప్పాడు. తిట్టినవాళ్ళు తిట్టారు, నవ్వినవాళ్ళు నవ్వారు, కొందరు మాటల్లో పడి కొత్త ముహూర్తాలు కూడా చెప్పారు. సాయంత్రానికి బొరుగుల సంచి ఖాళీ అయింది.

ఆమె వెళ్ళబోతుంటే ఆయన లేచి నిలబడ్డాడు. ఆమెకు ఏమిచ్చేది అనుకున్నట్టున్నాడు. ఆయన దగ్గర ఇవ్వదగ్గది ఒక్కటే, అదేమో పూజలో ఉంది. నాదస్వరం వైపు చూసి, ఆమె వైపు చూసి, చేతులు పిసుక్కున్నాడు. "రేపు ఊదుతా అమ్మణ్ణీ," అన్నాడు.

"రేపు నేను రాను కదన్నా, నాకు సెలవు," అని నవ్వుతూ బస్సుకు వెళ్ళిపోయింది.

విజయదశమి పొద్దున పూజలోంచి వాద్యం తీసి, ఏడాది మొదటి ఊపిరి గుళ్ళో ఊదడం ఆయనకు ఆనవాయితీ. ఆ పొద్దున గుడికి పోకముందు, మూసి ఉన్న ఆమె షట్టరు ముందు నిలబడి ఊదాడు. నేను ఆమెకు ఫోన్ చేసి, ఫోన్‌ను ఆయన వైపు పట్టుకున్నాను. వడమాలపేటలో ఆమె మొత్తం విన్నది. అయిపోయాక ఒకే ప్రశ్న అడిగింది, ఆ సీవాళి కొత్తదేనా అని. కొత్తదే అని చెప్పమన్నాడు ఆయన, ఊపిరి పీల్చుకుంటూ.

అప్పటినుంచి ఏటా అంతే. షట్టరు ముందు పాట, నా ఫోన్‌లో వినడం, సీవాళి ప్రశ్న. ఆయన ల్యాప్‌టాప్ కూడా ముందురోజు సాయంత్రం అందరికంటే ముందుగా ఆమె షాపుకు వచ్చి కూర్చునేది.

ఆమె పోయినప్పుడు వడమాలపేటకు ఇద్దరం కలిసే వెళ్ళాం. మంగళవాద్యం చావు దగ్గర పలకకూడదు. ఖాళీ చేతులతో ఎట్ల పోయేది అని ఆయన దారి పొడవునా బాధపడ్డాడు. ఆమె దగ్గర నిలబడి, పోయిరా అమ్మణ్ణీ అన్నాడు. ఆమె ప్లగిన్లకు చెప్పిన మాటే, కానీ ఈసారి మళ్ళీ వస్తే రానిచ్చేవాళ్ళు ఈ సందంతా ఉన్నారు. షాపు ఖాళీ చేసేటప్పుడు ఆమె వస్తువుల్లో ఆయన అడిగి తీసుకున్నది స్టీలు స్కేలు.

ఆ షాపులోకి ఇప్పుడు ఫ్యాన్సీ స్టోరు వచ్చింది. గాజులు, రబ్బరు బ్యాండ్లు, జడ క్లిప్పులు. నడిపే ఆమె తమిళనాడు సరిహద్దు వైపు నుంచి కొత్తగా వచ్చింది, మా సందు సంగతులు తెలియవు. ఈ ఏడు నేను ఆ ముందురోజు సాయంత్రమే ఫొటోల ప్లగిన్ తీసేసి, అది కారణం అడిగితే అక్క మాటే టైపు చేసి పంపాను. టైపు చేస్తుంటే నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది.

విజయదశమి పొద్దున మేళం ఆయన కొత్త సీవాళి తగిలించుకుని వచ్చి, ఫ్యాన్సీ స్టోరు ముందు నిలబడి ఊదాడు. నేను అలవాటుకొద్దీ ఫోన్ తీసి, ఎవరికి చేయాలో తెలియక జేబులో పెట్టేసుకున్నాను. ఫ్యాన్సీ స్టోరామె కంగారుగా బయటికి వచ్చి, తన షాపుకే ఊదుతున్నాడనుకుని, తాంబూలంలో అరటిపండ్లు పెట్టి ఇచ్చింది. ఎవరి కోసమన్నా ఈ పాట అని అడిగింది.

"ఈడ ఉండి పోయినామె కోసం," అన్నాడాయన.

అని వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. నాదస్వరాన్ని జాగ్రత్తగా నా చేతికిచ్చి, సంచిలోంచి స్టీలు స్కేలు తీశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. స్టోరామె వేసిన కుర్చీలో కూర్చోకుండా, బిల్లులు కొట్టే కంప్యూటర్ ముందుకు వంగి, స్క్రీన్ మీద ప్లగిన్లు ఉండే మూల స్కేలు కొన ఆనించాడు.

"ఇదెవరమ్మా?" అన్నాడు.